ఎర్రట్ట పుస్తకం, నాలుగు లంకల రేవు

నేను ఒక నోటు పుస్తకాన్ని. ఎర్ర గుడ్డ అట్ట, రెండు వందల గీతల పేజీలు, మధ్యలో దారం కుట్టు. ఈశాన్యాన కొండల పాదాల దగ్గరున్న ఒక పట్నంలో, రేకుల షెడ్డులో పుట్టాను. నాతోపాటు ఒకే కాగితపు చుట్టలోంచి పుట్టినవాళ్లలో కొందరు బడిపిల్లల ఎక్కాలకి పోయారు, కొందరు చాకలి పద్దులకి. నా నొసట మాత్రం యుద్ధం రాసి ఉంది. అయితే అది నేను ఊహించుకున్న యుద్ధం కాదు.

నన్ను కొన్నవాడు కొల్లాటి వీరవెంకన్న. కోనసీమలో గోదావరి పాయల మధ్యనున్న రెల్లులంక అతని ఊరు. తాతల నాటి నుంచి పడవ నడిపే కుటుంబం. సైన్యంలో వంతెనలు కట్టే దళంలో హవల్దారుగా మంచు సరిహద్దుకి వచ్చాడు. ఇంటికి రాసే ఉత్తరాలకు చిత్తుప్రతిగా ఉంటుందని నన్ను తీసుకున్నాడు. నా మొదటి నాలుగు పేజీల్లో ఇప్పటికీ ఆ ఉత్తరాలే ఉన్నాయి.

ఆ ఏడు మంచుకి దారులన్నీ మూసుకుపోయాయి. పనిలేని జవాన్లు పేకాటకి దిగకుండా వాళ్ల కెప్టెన్ రోజూ మధ్యాహ్నం పాఠం పెట్టాడు. రెండున్నర వేల ఏళ్ల కిందట చైనా సేనాపతులు యుద్ధం గురించి ఏమేమి ఆలోచించారో హిందీలో వివరించేవాడు. సరిహద్దు అవతలివాళ్ల చదువు మనకెందుకని ఒకడు అడిగితే, వాళ్లు ఏం చదువుకున్నారో తెలియకుండా సరిహద్దు ఎలా కాస్తావని ఆయన ఎదురడిగాడు. వీరవెంకన్నకి హిందీ సగమే తెలుసు. తక్కిన సగాన్ని గోదావరిలోంచి తెచ్చి నింపుకున్నాడు. అందుకే నాలో ఉన్నది చైనా విద్యో, కోనసీమ విద్యో నాకే సరిగ్గా తెలియదు. 'గెలుపు ఇంట్లో వండుకోవాలి, యుద్ధంలో వడ్డించాలి' అని ఒక పేజీలో రాశాడు. 'జవాను కాలికి బొబ్బ లేస్తే సేనాపతి కుంటాలి' అని మరో పేజీలో. 'ఎదుటోడి కోట ఎత్తు చూసి బెంగ పడకు, వాడు తలుపెయ్యడం మరిచిన చోటు చూడు.' 'ఓడినోడికి ఇంటికెళ్లే దారి ఉంచు.' ఇలా నూట పది పేజీలు నిండాయి.

ఇంత విద్య నేర్చిన హవల్దారుకి ఉద్యోగమంతా ఒక్క తూటా పేల్చే అవసరం రాలేదు. వంతెనలు కట్టాడు, పింఛను పుచ్చుకుని ఊరికి వచ్చాడు, నన్ను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయన పోయాక ఆ పెట్టె చిన్న కూతురు నూకరత్నానికి వచ్చింది.

నూకరత్నానికి అప్పుడు నలభై అయిదేళ్లు. పడవ ఇంజన్లు బాగుచేసే భర్త పోయి ఆరేళ్లయింది. ఆమే పడవ నడిపేది. రెల్లులంకతో కలిపి అక్కడి నాలుగు లంకల పడవలవాళ్ల సంఘానికి ఆమె అధ్యక్షురాలు. ఆ పదవి ఆమెకి ఎలా వచ్చిందంటే, సంఘంలో రెండు వర్గాలు ఒకరి పెద్దని ఇంకొకరు ఒప్పుకోలేదు. ఈవిడైతే మెత్తగా, ఎటు ఒంచితే అటు ఒంగుతుందని రెండు వర్గాలూ కలిసి ఎన్నుకున్నాయి. మనుషులు కొన్నిసార్లు ఇంత పొరపాటు లెక్క వేసుకుని ఇంత మంచి పని చేస్తారు.

ఆ ఏడు డిసెంబరులో రేవు దగ్గర నోటీసు అంటించారు. నాలుగు లంకలకీ అవతలి గట్టునున్న కొత్తరేవుకీ మధ్య పడవల రాకపోకలను పదేళ్లపాటు నడపడానికి ప్రభుత్వం ప్రతిపాదనలు పిలిచింది. అంతవరకూ ఏటా సంఘానికే ఇచ్చేవారు. ఇకమీదట ఎవరైనా పోటీకి రావచ్చు. ఎవరి పథకం మేలైనదో దానికే ఎక్కువ మార్కులు, వాళ్లకే రేవు. వారం తిరక్కుండానే విశాఖపట్నంలో సొంతంగా పడవలు కట్టించే ఒక పెద్ద సంస్థ పోటీలో ఉందని తెలిసింది. వాళ్లవి తెల్లటి ఫైబరు పడవలు, మెత్తటి కుర్చీలు. సంఘానివి పదకొండు పడవలు. వాటిలో ఏడు నూకరత్నం పెళ్లినాటివి. వాటి మీద యాభై రెండు కుటుంబాలు బతుకుతున్నాయి.

సంఘం పాకలో అందరూ చేరారు. కోర్టుకి వెళదామని ఒకరు, కలెక్టరాఫీసు ముందు కూర్చుందామని ఒకరు అన్నారు. నూకరత్నం మరిది అబ్బులు లేచాడు. మంచి సరంగు, అంటే పడవ నడపడంలో చెయ్యి తిరిగినవాడు. నోరు కూడా అంతే.

"ఆళ్ల పడవలు ఇక్కడికి రానీ వదినా. అడుగు ఊడదీసేత్తాం" అన్నాడు.

చాలామంది చప్పట్లు కొట్టారు. నూకరత్నం ఇంటికి వచ్చి, తండ్రి ఇలాంటప్పుడు ఏం చేసేవాడో అనుకుంటూ ట్రంకుపెట్టె తీసింది. ముప్ఫై ఏళ్ల చీకటి తర్వాత నాకు వెలుతురు తగిలింది. ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని సాయంత్రం దాకా చదివింది. ఒకచోట ఆగి పైకి చదువుకుంది: 'ఎదుటోడిని లెక్కేసే ముందు నీ పొయ్యి కింద బూడిద చూసుకో.'

మర్నాటి నుంచి వారం రోజులు ఆమె తన పడవ నడపలేదు. చేతిసంచిలో నన్ను పెట్టుకుని మిగతా పది పడవల్లో మామూలు ప్రయాణికురాలిలా తిరిగింది. పక్కన కూర్చున్నవాళ్లని ఇష్టమొచ్చినట్టు తిట్టమని అడిగింది. అడగడమే ఆలస్యం. రెల్లులంక బడిలో పనిచేసే ఫాతిమా టీచరు రోజూ అవతలి గట్టు నుంచి వచ్చేది. జనం నిండేదాకా పడవ కదలదని, అందుకే బడికి వారంలో మూడు రోజులు ఆలస్యమవుతోందని ఆమె చెప్పింది. తేలే జాకెట్లు ఉన్నా పైన గడ్డి మోపులు పెడతారని ఒకరన్నారు. చివరికి ఒక ముసలావిడ, అబ్బులు తాగి పడవ నడిపిన రోజున తాను దేవుళ్లందరికీ మొక్కుకున్నానని చెప్పింది.

ఆ మాట నూకరత్నానికి ముల్లులా గుచ్చుకుంది. భర్త పోయినప్పుడు ఆర్నెల్లు ఇంటికి బియ్యం తెచ్చిపడేసినవాడు ఆ మరిదే. రెండు రోజులు ఆమె అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు సంఘం కూడింది. ఆమె తాను విన్న ఫిర్యాదులన్నీ ఒక్కొక్కటే చదివింది. అబ్బులు వంతు వచ్చినప్పుడూ పేరు మింగలేదు.

"అబ్బులూ, మూడు నెలలు నువ్వు చుక్కాని ముట్టుకోకు. తాగడం మానితే మళ్లీ నీ పడవ నీదే" అంది.

"సొంతోడి మీదేనా వదినా నీ అధికారం?"

"సొంతోడిని వదిలేత్తే ఇంకెవరికి చెప్పగల్ను?"

అబ్బులు తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. మెత్తటిదని ఎన్నుకున్న రెండు వర్గాల పెద్దలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మర్నాడు పొద్దున్న ఎనిమిది గంటల పడవ ఎనిమిదింటికే కదిలింది, అదీ సగం ఖాళీగా. జాకెట్ల మీద గడ్డి మోపులు లేవు. నాలో రాసి ఉన్న మాటలు నిజంగా పనిచేస్తాయని నాకు మొదటిసారి తెలిసింది ఆ రోజే.

జనవరిలో విశాఖపట్నం సంస్థ మనుషులు నది కొలవడానికి వచ్చారు. వాళ్ల పెద్ద ఉమాకాంత్ అనే ఇంజనీరు. నలభై దాటినవాడు, మర్యాదస్తుడు, ఎండకి టోపీ కూడా మరిచిపోయి పనిచేసేవాడు. దారి చూపడానికి ఒక పడవ, ఒక సరంగు కావాలని సంఘాన్నే అడిగాడు. సంఘం పాకలో ఇక గుసగుసలే. లోతు లేనిచోట లోతుందని చెప్పండి, ఇసుక మేటల మీదికి తోలండి, లెక్కలన్నీ తప్పుతాయి అన్నారు. పైగా నాలోనే ఒక పేజీ ఉంది: 'ఎదుటోడిని తప్పుదారి పట్టించు, సగం యుద్ధం అయిపోతుంది.'

నూకరత్నం ఆ పేజీ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. తండ్రి చేతిరాత. ఆయన మాట ఎన్నడూ కాదనలేదు. తర్వాత కలం తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన 'గోదారి మీద చెల్లదు' అని రాసింది. నా ఒంటి మీద పడిన మొదటి కొట్టివేత అది. నొప్పి పుట్టలేదు. హవల్దారు బతికి ఉంటే తానే కొట్టేసేవాడని నా నమ్మకం.

ఆమె పెద్ద సరంగు పోతురాజుని పిలిచింది. డెబ్భై ఏళ్లవాడు, అక్షరం రాదు, నది మాత్రం కంఠతా వచ్చు.

"బాబాయ్, ఆయనకి ఉన్నదున్నట్టు చూపించు. గోదారి గురించి అబద్ధం చెప్తే రేపు మునిగేది మన జనమే. అయితే ఆయన ఏం అడుగుతాడో అన్నీ గుర్తెట్టుకుని రా" అంది.

పోతురాజు నాలుగు రోజులు వాళ్లతో తిరిగి వచ్చి చెప్పాడు. రేవులో మెట్లు ఎన్నని అడిగారు. కార్లు ఎక్కడ ఆపుకోవచ్చని అడిగారు. ఎండాకాలంలో లోతు ఎంతని అడిగారు. నూకరత్నం ఇంకేం అడిగారని రెట్టించింది. ముసలాయన వేళ్ల మీద లెక్క చూసుకుని, అంతేనన్నాడు.

"వరదల గురించి అడగలేదా?"

"లేదమ్మా. ఆగస్టు మాటే ఎత్తలేదు."

నూకరత్నం నా పేజీలు తిప్పింది. తలుపెయ్యడం మరిచిన చోటు చూడమని ఉన్న పేజీ దగ్గర ఆగి, చిన్నగా నవ్వింది. తెల్ల పడవలతో, మెత్తటి కుర్చీలతో ఆమె పోటీ పడలేదు. అది వాళ్ల కోట. కానీ ఏటా ఆగస్టులో ఇరవై రోజులు నాలుగు లంకలూ లోకం నుంచి తెగిపోయేవి. ఆ ఇరవై రోజులే తమ యుద్ధభూమి అని ఆమె తేల్చుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం బడి వరండాలో ముసలి సరంగులు తొమ్మిదిమందిని కూర్చోబెట్టింది. ముగ్గుపిండి డబ్బా తెచ్చి నేల మీద పెట్టి, మీకు తెలిసిన నదిని గీయమంది. మొదట సిగ్గుపడ్డారు. ముగ్గులు ఆడవాళ్ల పని కదా. పోతురాజు ముందుగా పిడికెడు పిండి తీసి ఒక పాయ గీశాడు. ఇంకొకాయన, ఆ వంపు అక్కడ కాదని చెరిపి మళ్లీ గీశాడు. గంట గడిచేసరికి వరండా అంతా గోదావరి పరుచుకుంది. నీళ్లు మొదటి ప్రమాద హెచ్చరిక దాకా వస్తే ఏ రేవు మునుగుతుంది, అప్పుడు ఏ గట్టుకి పడవ చేర్చాలి, ఇంకో అడుగు పెరిగితే ఎక్కడికి మార్చాలి, సుడి ఎక్కడ లేస్తుంది, ఇవన్నీ ఒక్కొక్కటే తెల్లగా తేలాయి. ఫాతిమా టీచరు కాగితాల మీద ఎక్కించుకుంటూ కళ్లు తుడుచుకుంది. ఇంత చదువున్నవాళ్లని చదువు రానివాళ్లని ఇన్నాళ్లూ ఎలా అన్నామండీ అంది నూకరత్నంతో. ప్రతిపాదన అంతా ఆవిడే రాసిపెట్టింది.

మార్చిలో కలెక్టరాఫీసు సమావేశ మందిరంలో రెండు పక్షాలనూ పిలిచారు. అధికారులు అయిదుగురు, అధ్యక్ష స్థానంలో జాయింట్ కలెక్టరు. మొదట ఉమాకాంత్ మాట్లాడాడు. తెర మీద తెల్ల పడవ నీటిని చీల్చుకుంటూ వెళుతుంటే మందిరంలో అందరి ముఖాలూ వెలిగాయి. సంచిలో ఉన్న నాకు కూడా గుండె జారింది. పుస్తకాలకీ గుండె ఉంటుంది, కుట్టు దగ్గర.

నూకరత్నం లేచింది. నేత చీర, కాళ్లకి రబ్బరు చెప్పులు. మంచినీళ్లు తాగి మొదలుపెట్టింది. ఒక అధికారి మధ్యలో ఆపి, మీ పడవల్లో చాలావరకు పాతవి కదా అన్నాడు.

"నిజమేనండి. పదకొండులో ఏడు పాతవి. ఆ సంగతి మేమే మొదటి పేజీలో రాసేమండి. మాలో ఒకరు తాగి నడిపారు, ఆపేసేం. అదీ రాసేమండి."

ఆ అధికారి మొదటి పేజీ తిప్పి చూశాడు. దాచినది ఒక్కటీ లేదు. అప్పుడు జాయింట్ కలెక్టరు ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగింది. వరద వస్తే ఏం చేస్తారు? ఉమాకాంత్ నిజాయితీగా, ప్రమాద హెచ్చరిక రాగానే రాకపోకలు ఆపేస్తామని, ప్రాణాల భద్రతే ముఖ్యమని చెప్పాడు. ఆమె నూకరత్నం వైపు చూసింది.

"రెండో హెచ్చరిక వత్తే మేమూ ఆపేత్తామండి. గోదారితో పంతం పట్టకూడదు. కానీ మొదటి హెచ్చరికకీ రెండోదానికీ మజ్జిన మాకు టైముంటదండి. రేవు మునిగితే ఎక్కడ కట్టాలో నాలుగు చోట్లు గుర్తెట్టేం." ఆమె ఒక కాగితం ముందుకు జరిపింది. "ఈ ఆగస్టులో పురుడొచ్చేవోళ్లు నాలుగు లంకల్లో పదకొండు మంది ఉన్నారండి. ఎవరు ఏ పడవెక్కాలో, ఏ సరంగు తీసుకెళ్లాలో ఇందులో ఉంది. ఆళ్లని దాటించేకే మేం పడవలకి తాడు కడతాం."

జాయింట్ కలెక్టరు ఆ కాగితంలోని పదకొండు పేర్లనీ పైకి చదివింది. చివరి పేరయ్యేసరికి ఉమాకాంత్ తన ఫైలు మెల్లగా మూసేశాడు.

ఏప్రిల్ మొదటి వారంలో ఫలితం వచ్చింది. నూటికి సంఘానికి డెబ్భై ఎనిమిది, సంస్థకి అరవై తొమ్మిది. నాలుగు లంకల్లోనూ డప్పులు మోగాయి. పదకొండు పడవలకీ బంతిపూల దండలు కట్టి నది మధ్యన వరసగా నిలిపారు. అంతకు కొన్నాళ్ల ముందే మూడు నెలల గడువు ముగించుకుని చుక్కాని పట్టిన అబ్బులు, ఎవరికంటే ముందు వచ్చి వదిన కాళ్లకి దణ్ణం పెట్టాడు. పోతురాజుని భుజాల మీద మోశారు. ఫలితం కోసం వచ్చిన ఉమాకాంత్ దిగిన హోటల్ ముందు నుంచి ఊరేగింపు తీద్దామని కొందరు సరదాపడితే, నూకరత్నం ఒప్పుకోలేదు. తాను మాత్రం నన్ను సంచిలో వేసుకుని, పోతురాజుని వెంటబెట్టుకుని హోటల్‌కి వెళ్లింది.

ఉమాకాంత్ పెట్టె సర్దుకుంటున్నాడు. తప్పు ఎక్కడ చేశానో తెలిసిందని, ఆగస్టు గురించి అడగాలని తనకి తట్టనేలేదని ఒప్పుకున్నాడు. నూకరత్నం కుర్చీ అంచున కూర్చుంది. తమ పాత పడవలు ఏడూ మార్చక తప్పదని, పడవలు కట్టడంలో ఆయన్ని మించినవాళ్లు ఈ తీరాన లేరని చెప్పింది. వరదకి నిలబడే పడవ కట్టివ్వాలని, ఎలాంటిది కావాలో తమ సరంగులు చెబుతారని అడిగింది. ఆయన సర్దిన పెట్టె మూత మళ్లీ తెరిచి కొలతల పుస్తకం బయటికి తీశాడు. కలహం ఒక్క నిమిషంలో పనిగా మారిపోవడం నేను కళ్లారా చూశాను.

జులై నెలాఖరుకి మొదటి పడవ వచ్చింది. ఆగస్టు పన్నెండున గోదావరి లేచింది. మొదటి హెచ్చరిక వచ్చిన గంటలోనే పడవలు జాబితా ప్రకారం బయలుదేరాయి. మధ్యాహ్నానికి పదిమంది గర్భిణులు కొత్తరేవు చేరారు. పదకొండో అమ్మాయి అత్తగారు మాత్రం గడపలో చతికిలబడింది. గేదెని వదిలి ఎవరొచ్చినా కదలనంది. ఆవిడ కదలందే కోడలు కదలదు. కబురు వినగానే నూకరత్నం కొత్త పడవ తీసుకుని తానే వెళ్లింది. ఎవరితోనూ వాదించలేదు. గేదెని ముందు ఎక్కించింది. దాని వెనక అత్తగారు, ఆవిడ వెనక కోడలు ఎక్కారు. రెండో హెచ్చరిక రాకముందే పడవ గట్టుకి తగిలింది. వరద చూడటానికి విశాఖపట్నం నుంచి వచ్చిన ఉమాకాంత్ మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి గేదె పలుపు పట్టుకున్నాడు. గట్టు మీద వందలమంది ఈలలు వేశారు. ఆ ఏడు నాలుగు లంకల్లో ఒక్క ప్రాణం పోలేదు.

నీళ్లు తగ్గాక ఉమాకాంత్ నా గురించి విని, ఒకసారి చూపించమన్నాడు. సంఘం పాకలో నిలబడి సగం చదివాడు. నూకరత్నం నన్ను ఆయన చేతుల్లోనే వదిలేసి, ఉంచుకోమంది. పోతురాజు కంగారుపడ్డాడు.

"ఆయుధాన్ని ఎదుటోడి చేతికి ఇచ్చేత్తావా అమ్మా?"

"ఎదుటోడేటి బాబాయ్. మన పడవలు కట్టేవోడు."

అలా నేను సముద్రం ఒడ్డుకి వచ్చాను. ఉమాకాంత్ పని చేసే షెడ్డులో, కొలతల పుస్తకాల పక్కన నా చోటు. కిటికీలోంచి పడవలు కట్టే నేల కనిపిస్తుంది. నిన్న నాలుగు లంకల రెండో పడవ పూర్తయింది. ఎంతమంది ఎక్కవచ్చో చట్టప్రకారం పడవ పక్కగోడ మీద రాయాలి. రంగులవాడు 'ప్రయాణికులు 60' అని రాసి కుంచె కడుక్కోబోయాడు. ఉమాకాంత్ ఆగమని చెప్పి, ఆ కుంచె తానే అందుకుని, కింద తన చేత్తో ఇంకో వరస రాశాడు: 'గేదెలు 4'.